ఉయ్యాలలో రాళ్ళు

ఏప్రిల్ 14

ఒసేయ్ పెంకిదానా,

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానో నీకు తెలుసు. ఫోనులో మనిద్దరం మూడో మాటకే కొట్టుకుంటాం. పైగా మీ బాబాయ్ పక్కన కూర్చుని నేనన్న ప్రతి మాటకీ తల ఊపుతుంటాడు. ఆ ఊపుడు చూస్తుంటే చెప్పదలుచుకున్నది మరిచిపోతాను. నువ్వు హాస్టల్లో ఉన్న రోజుల నుంచీ మనకి అచ్చొచ్చింది కాగితమే.

విషయానికొస్తాను. కూర్చుని చదువు. నన్ను తీసుకున్నారు.

మా యూనివర్సిటీలో మూడో ఏడు వాళ్ళలో ఇద్దర్ని ఏటా విదేశంలో ఒక ఏడాది చదివి రమ్మని పంపుతారని చెప్పాను కదా. చెప్పినప్పుడు నువ్వు వినకుండా గోళ్ళు కత్తిరించుకుంటున్నావు. ఆ ఇద్దరిలో ఒకడు ఇరవై ఏళ్ళవాడు, చెవికి పోగు, ఎప్పుడు చూసినా ఆవలిస్తుంటాడు. రెండోది నలభై తొమ్మిదేళ్ళ మీ పిన్ని.

ఇంటర్వ్యూలో ముగ్గురు ప్రొఫెసర్లు కూర్చున్నారు. ఒకాయన కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, "ఈ వయసులో ఎందుకమ్మా ఇంత దూరం?" అన్నాడు. "ఇరవై రెండేళ్ళు ఫ్లోరింగ్ రాళ్ళ షోరూంలో నిలబడి అమ్మానండీ," అన్నాను. "గ్రానైట్ అన్నాను, మార్బుల్ అన్నాను, మీ హాలుకి ఇదే కలిసొస్తుందన్నాను. అవి భూమిలో ఎలా పుట్టాయో మాత్రం నాకు తెలియదు. తెలుసుకుందామని జియాలజీలో చేరాను. ఇక వయసంటారా, ఆ రాళ్ళ ముందు మీరూ నేనూ నిన్న పుట్టినవాళ్ళమే." ఆయన నవ్వాడు. నవ్విన కస్టమరు వట్టి చేతులతో వెళ్ళడని నాకు షోరూం నేర్పింది.

నేను వెళ్ళే ఊరి వెనకే అగ్నిపర్వతం ఉందట. ఇంకా పూర్తిగా చల్లారలేదట. క్లాసు మొత్తాన్నీ దాని మీదికి ఎక్కించి పాఠం చెబుతారట. బుద్ధెరిగాక నేను ఇంతగా కావాలనుకున్నది ఇంకొకటి లేదు.

మీ బాబాయ్‌కి చెబితే కాసేపు ఆలోచించి, "గీజరు స్విచ్చి ఎక్కడుందో చూపించి వెళ్ళు," అన్నాడు. ముప్ఫై అంతస్తుల లిఫ్టుని విప్పి బిగించే మెకానిక్కు, సొంతింట్లో గీజరు స్విచ్చి తెలియదు.

ఒక్క మాట. మీ బాబాయ్ వద్దన్నా వెళ్తాను. షోరూం ఓనరు గుండెలు బాదుకున్నా వెళ్తాను. నువ్వు వద్దంటే మాత్రం ఆగిపోతాను. మీ అమ్మ పోయేనాటికి నీకు నాలుగేళ్ళు. అప్పట్నుంచీ నీకు చెప్పకుండా నేను జుట్టు కూడా కత్తిరించుకోలేదు. కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పు.

బయల్దేరేది సెప్టెంబర్ మొదటివారం. వచ్చే ఆదివారం రా, కోటు కొనాలి.

నీ పిన్ని
(ఇక నుంచి అంతర్జాతీయం)


ఏప్రిల్ 28

అంతర్జాతీయ పిన్నికి,

ఉత్తరం డ్రైవింగ్ స్కూలు స్టాఫ్ రూంలో చదివాను. చదివి, బాత్రూంలోకి వెళ్ళి చాలాసేపు కూర్చుని వచ్చాను. సంతోషంతోనే. జవాబు ఆలస్యమైనందుకు తిట్టకు.

వెళ్ళు. ఇంక ఆ మాట మళ్ళీ అడక్కు. "నువ్వు వద్దంటే ఆగిపోతాను" అని రాస్తావా? అది ప్రేమ కాదు పిన్నీ, బెదిరింపు. ఇరవై తొమ్మిదేళ్ళదాన్ని నేను. నీ కొంగు పట్టుకుని తిరిగే వయసు కాదు నాది, నన్ను అడిగి పోయే వయసు కాదు నీది.

ఆదివారం రాలేను. ఈ మధ్య బస్సు పడటం లేదు. రెండున్నర గంటల ప్రయాణం, డీజిల్ వాసన, తల్చుకుంటేనే కడుపులో తిప్పుతోంది. ఏదో తిన్నది పడలేదు. స్కూల్లో కూడా నన్ను కారులోంచి దింపి థియరీ క్లాసులకి వేశారు. బోర్డు మీద రోడ్డు గుర్తులు గీసి అర్థం చెప్పమంటున్నాను. నిన్న 'ఆగుము' గుర్తు చూపిస్తే ఒక పెద్దాయన, "అక్కడ పోలీసు ఉండొచ్చని," అన్నాడు. తప్పని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మీ అల్లుడి ఓడ ప్రస్తుతం నీళ్ళ మధ్య ఎక్కడో ఉంది. ఇంజన్ రూంలో సిగ్నల్ ఉండదు, పైకొస్తే డ్యూటీ ఉంటుంది. నవంబర్ చివరికి గానీ దిగడు.

నీ ప్రయాణానికి సలహాలు రాస్తున్నాను, విను. కొండెక్కే బూట్లు ఇప్పుడే కొని ఇప్పట్నుంచే తొడుక్కుని తిరుగు, లేకపోతే అక్కడ కాళ్ళు బొబ్బలెక్కుతాయి. భాష క్లాసులో రేపే చేరు. క్లాసు పిల్లలు ఆంటీ అంటే పళ్ళు నూరకు, పలుకు. అలా పలికితేనే వాళ్ళ నోట్సు నీ దగ్గరకొస్తుంది.

నీ పెంపుడు తలనొప్పి


మే 20

తలనొప్పికి,

థియరీ క్లాసులకి వేశారంటే ఎవర్ని గుద్దావు? నిజం చెప్పు. ప్రాణాలతోనే ఉన్నాడా? నేనేమీ అనను. మీ బాబాయ్ కూడా ఒకసారి స్కూటరు తీసుకెళ్ళి పెళ్ళి ఊరేగింపులోకి తోలాడు. పెళ్ళికొడుకు ఇప్పటికీ పలకరిస్తాడు.

కోటు కొన్నాం. నువ్వు రాలేదు కాబట్టి మీ బాబాయ్‌ని తీసుకెళ్ళాను. కోటు రంగు చూడలేదు, గుడ్డ చూడలేదు. జిప్పు పైకి లాగాడు, కిందికి లాగాడు, పైకి లాగాడు. లిఫ్టు తలుపు పరీక్షించినట్టు షాపులోని కోట్లన్నిటి జిప్పులూ లాగి, చివరికి ఒకదాన్ని పట్టుకుని "ఇది ఇరుక్కోదు," అన్నాడు. అది ముదురు పసుప్పచ్చ. తొడుక్కుంటే నేను రోడ్డు రిపేరు బోర్డులా ఉన్నాను. అదే కొన్నాం.

బూట్లు తొడుక్కునే షోరూంకి వెళ్తున్నాను. కస్టమర్లు ముందు నా కాళ్ళు చూసి తరవాత రాళ్ళు చూస్తున్నారు. కింది వాటావాళ్ళు రెండుసార్లు పైకొచ్చి, గుర్రాన్ని పెంచుతున్నారా అని మర్యాదగానే అడిగారు.

భాష క్లాసులో మొదటిరోజు టీచరు నన్ను చూసి, "పేరెంట్స్ బయట కూర్చోవాలండీ," అంటూ వరండాలో కుర్చీ వేయించింది. లోపలికెళ్ళి మొదటి బెంచీలో కూర్చున్నాను. ఇప్పుడు ఆ భాషలో "నేను విద్యార్థిని, నాకు ఆకలిగా ఉంది, ఈ రాయి ఎవరిది?" అని చెప్పగలను. చాలావరకు జీవితం గడిచిపోతుంది.

కాని ఒకటి అడుగుతాను. ఆదివారాలు వచ్చి పోతున్నాయి, నువ్వు రావు. నేనే వస్తానంటే ఇంటికి రంగులేయిస్తున్నాను, వాసన, వద్దంటావు. ఇద్దరే ఉండే ఇంటికి ఎన్నిసార్లే రంగు? ముసల్ది పిల్లలతో కలిసి బ్యాగు తగిలించుకుని పోతోందని నలుగురిలో నీకు నామోషీగా ఉందా? ఉంటే చెప్పు. నామోషీ పడితే నేను తట్టుకోగలను, దాచిపెడితేనే తట్టుకోలేను.

నీ వాషింగ్ మెషీన్ తిరగడం లేదన్నావు కదా. శనివారం మీ బాబాయ్‌ని పంపుతున్నాను. అన్నం పెట్టి పంపు, అడిగితే తినడు, పెడితే తింటాడు.

పసుప్పచ్చ పిన్ని


జూన్ 2

పిన్నీ,

ఎవర్నీ గుద్దలేదు. అందరూ బతికే ఉన్నారు.

బాబాయ్ వచ్చాడు. మెషీన్ బాగుచేశాడు. నేను అడక్కుండానే కాలింగ్ బెల్లు కూడా మార్చేశాడు. ఇప్పుడు ఎవరు నొక్కినా లిఫ్టు వచ్చినట్టు టింగుమంటోంది, పాలవాడు తలుపు దానంతటదే తెరుచుకుంటుందని నిలబడి చూస్తున్నాడు. అన్నం రెండుసార్లు పెట్టాను. చాలా కబుర్లు చెప్పుకున్నాం. ఏం కబుర్లని ఆయన్ని అడక్కు, ఆయనకి గుర్తుండవు.

నామోషీ మాట ఎత్తావంటే ఊరుకోను. మా స్కూల్లో నీ గురించి తెలియని మనిషి లేడు. మా మేనేజరు లైసెన్సుకొచ్చే పెద్దవాళ్ళందరికీ నీ కథే చెబుతున్నాడు, ఆవిడ అగ్నిపర్వతం ఎక్కుతుంటే మీకు రివర్సు గేరు భయమేమిటని. నేను రాకపోవడానికి కారణం నామోషీ కాదు. వేరే ఏమీ లేదు. పని.

నువ్వు పెట్టె నిండా రాళ్ళు సర్దుతున్నావట, బాబాయ్ చెప్పాడు. అగ్నిపర్వతం ఉన్న ఊరికి ఎవరైనా రాళ్ళు మోసుకెళ్తారా? అక్కడ వాళ్ళకి ఉన్నవి చాలవా?

తలనొప్పి


జూలై 8

తలనొప్పీ,

రాళ్ళ సంగతి నీకు తెలియదు. అవి నేను మొదటి ఏడు నుంచి ఏరుకున్న నమూనాలు. ఇక్కడి రాయినీ అక్కడి రాయినీ పక్కపక్కన పెట్టి చూడాలి. ప్రతిదాని మీదా తెల్ల రంగుతో నంబరు కూడా వేశాను. దాని జోలికి రాకు.

అసలు విషయం వేరు. ఇది చదివి చించెయ్యి.

మీ బాబాయ్‌కి ఏదో అయింది. నీ దగ్గర్నుంచి వచ్చినప్పట్నుంచీ మనిషి మారిపోయాడు. తనలో తాను నవ్వుకుంటున్నాడు. నేను చూస్తే నవ్వు ఆపి గోడవైపు తిరుగుతున్నాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసు కదా, అలాంటిది ఇప్పుడు మూతి బిగించుకుని తిరుగుతున్నాడు. ఆదివారం ఆదివారం ఎమర్జెన్సీ డ్యూటీ అని తెల్లచొక్కా వేసుకుని పోతున్నాడు. లిఫ్టు గుంటలోకి దిగేవాడు తెల్లచొక్కా వేసుకోవడం నేను ఇంతవరకూ చూడలేదు. గడ్డం కూడా గీసుకుంటున్నాడు.

వంట నేర్చుకుంటున్నాడు. నేను వెళ్ళాక పస్తులుండకుండా నేర్చుకుంటున్నాడనుకుని మురిసిపోయాను. మొన్న ఉల్లిపాయలు తరుగుతూ, "ఆడవాళ్ళకి నడుం పట్టేస్తే ఏం చేస్తే తగ్గుతుంది?" అన్నాడు. "ఏ ఆడవాళ్ళకి?" అన్నాను. "మామూలుగా, ఆడవాళ్ళకి," అన్నాడు. మామూలుగా ఆడవాళ్ళందరి నడుముల గురించీ బెంగపడే మనిషా ఆయన? ఇరవై ఏడేళ్ళలో నా నడుం గురించి ఒక్కసారి అడిగితే ఒట్టు.

పెరట్లో షెడ్డుకి తాళం వేసుకుంటున్నాడు. లోపల సుత్తి చప్పుడు. నేను విదేశానికి వెళ్తున్నానన్న వార్త వచ్చాకే ఇదంతా మొదలైంది. నేను మూర్ఖురాలిని కాదు.

నువ్వంటే ఆయనకి ప్రాణం. నెమ్మదిగా కదిపి చూడు. ఎవరో కనుక్కో.

పిన్ని


జూలై 15

పిన్నీ,

బాబాయ్ అలాంటివాడు కాదు. దేవుడి మీద ఒట్టు కాదు, నీ మీద ఒట్టు, కాదు. ఏదో మంచి కారణమే ఉండి ఉంటుంది. ఉండి ఉండొచ్చు. నడుం సంగతి బహుశా పక్కింటావిడ గురించి అయి ఉంటుంది. అంటే నా ఉద్దేశం పక్కింటావిడకి నడుం నొప్పి ఉండొచ్చని, అంతే, ఇంకేమీ లేదు. ఈ ముక్క కొట్టేద్దామంటే కాగితం ఇదొక్కటే ఉంది.

నువ్వు ఆయన్ని ఏమీ అడక్కు. షెడ్డులోకి వెళ్ళకు. సెప్టెంబర్ దాకా నీ మనసంతా ప్రయాణం మీదే పెట్టు, తరవాత అన్నీ వాటంతటవే సర్దుకుంటాయి.

వీసా వచ్చిందా?

నేను


ఆగస్టు 12

నువ్వూ ఆ ముఠాలో ఉన్నావేమోనని అనుమానంగా ఉంది, అయినా రాయడానికి నాకు ఇంకెవరున్నారు?

వీసా వచ్చింది. నిన్న పెట్టె సర్దుతుంటే రాళ్ళు కనిపించలేదు. ఒకటి కాదు, మొత్తం. ఇల్లంతా వెతికాను. కింది వాటావాళ్ళని కూడా అడిగాను, రాళ్ళు దొంగిలించే మొహాలు కావు. చివరికి షెడ్డు గుర్తొచ్చింది. మీ బాబాయ్ డ్యూటీకి పోయాడు. తాళం కప్పని ఆయన సుత్తితోనే పగలగొట్టాను.

లోపల ఏముందనుకున్నావు? ఉయ్యాల.

పసిపిల్లల ఉయ్యాల. ఇంత ముచ్చటైన వస్తువు ఆయన చేతుల్లోంచి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. టేకు చట్టం, మూలలు నున్నగా గీకి, లిఫ్టు కేబుల్‌తో పైకప్పు కొక్కేనికి వేలాడదీశాడు. పక్కన ఏదో పాత లిఫ్టులోంచి పీకిన ఇత్తడి రేకు కొట్టాడు, "సామర్థ్యం: ఆరుగురు" అని. దాంట్లో నా రాళ్ళు. నంబర్లతో సహా, మెత్తటి దుప్పటి మీద వరసగా పడుకోబెట్టాడు. బరువు పరీక్ష. లిఫ్టుకి చేసినట్టే.

సాయంత్రం ఆయన రాగానే ఉయ్యాల ఎవరికని అడిగాను. నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచి, "చెప్పనని మాటిచ్చాను," అన్నాడు. ఎవరికిచ్చావు అన్నాను. "అదే చెప్పకూడదు," అన్నాడు. సిగ్గు పడుతూ అన్నాడే, ఆ వయసులో, చెవులు ఎర్రబడి.

నవ్వకు. మాకు పిల్లల్లేరు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మనిషి ఆ మాట ఎత్తలేదు. ఎవరైనా ఎత్తితే, మాకు ఒకతి ఉంది చాలు అని నిన్ను చూపించేవాడు. చాలదని ఇప్పుడు తెలిసింది. నాకు కోపం కంటే ఏడుపొస్తోంది. ఆ ఉయ్యాల మూలలు ఎంత నున్నగా గీకాడో చూసి ఏడుపొస్తోంది.

నేను వెళ్ళడం లేదు. సోమవారం డిపార్టుమెంటుకి పోయి రానని చెప్పేస్తాను. నేను అటు విమానం ఎక్కగానే ఇటు ఆ ఉయ్యాల హాల్లోకి వస్తుంది, అది ఊపడానికి ఎవత్తో వస్తుంది. కొండ ఎక్కడికీ పోదు. ఇల్లు పోతుంది.

పిన్ని


ఆగస్టు 14
(కొరియర్)

పిన్నీ,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. పది నిమిషాలు నిలబడి కొరియర్ ఆఫీసు బల్ల మీదే రాస్తున్నాను, అక్షరాలు సరిగ్గా లేకపోతే ఏమీ అనుకోకు.

ఉయ్యాల నాకు. అంటే నా బిడ్డకి. నాకు ఏడో నెల.

అదీ సంగతి. నామోషీ కాదు, రంగుల వాసన కాదు, తిన్నది పడకపోవడం కాదు. నీ ఉత్తరం వచ్చేనాటికే నాకు తెలుసు. ఆ రోజు స్టాఫ్ రూంలో ఒక చేతిలో నీ ఉత్తరం, ఒక చేతిలో డాక్టరు చీటీ. నీకు ఫోన్ చేసి చెప్పాలని నెంబరు కూడా నొక్కాను. "నువ్వు వద్దంటే ఆగిపోతాను" అన్న ముక్క చదివి కట్ చేశాను. నేను వద్దనక్కర్లేదు కదా, ఈ మాట చెబితే చాలు, నువ్వే మానేస్తావు. బాత్రూంలో కూర్చుని చాలాసేపు ఆలోచించాను, చెబితే నా దగ్గరుంటావు, చెప్పకపోతే నీ కొండ ఎక్కుతావు. నువ్వు కొండెక్కాలనుకున్నాను.

డెలివరీ అక్టోబర్ చివర్లో అన్నారు. మీ అల్లుడికి తెలుసు. తెలిస్తే మాత్రం ఏం చేస్తాడు, ఓడ దిగి నీళ్ళ మీద నడిచి రాలేడు కదా.

బాబాయ్‌కి నేను చెప్పలేదు. మే నెలలో మెషీన్ బాగుచేయడానికొచ్చి, తలుపు తీసిన నన్ను ఎగాదిగా చూసి, "ఓవర్‌లోడా?" అన్నాడు. అంతే, దొరికిపోయాను. నీకు చెప్పనని మాట తీసుకున్నాను. ఆ రోజు నుంచీ ప్రతి ఆదివారం తెల్లచొక్కా వేసుకుని నా ఇంటికే వస్తున్నాడు. వంట చేసి పెడుతున్నాడు. ఉప్పు వేయడు, బీపీ వస్తుందట. ఆ నడుం నాదే. పాపం ఆ మనిషిని ఏమీ అనకు.

సోమవారం డిపార్టుమెంటుకి వెళ్ళకు. ఇన్ని నెలలు నేను కక్కుకుంటూ అబద్ధాలాడింది నువ్వు ఇంట్లో కూర్చోవడానికి కాదు.

నేను


ఆగస్టు 18

కడుపుతో ఉన్న కంత్రీకి,

కొరియర్ వచ్చేసరికి బూట్లు వేసుకుని డిపార్టుమెంటుకి బయల్దేరుతున్నాను. మెట్ల మీదే కూర్చుని చదివాను. లేచి లోపలికి వెళ్ళి మీ బాబాయ్ వండిన ఉప్పులేని కూర గిన్నె మొత్తం తిన్నాను. ఆయనకి అదే క్షమాపణ. అర్థం చేసుకున్నాడు. ఈ వారం రోజులూ ఆయన్ని హాల్లో బెంచీ మీద పడుకోబెట్టాను. "నువ్వు ఇంత కుళ్ళుకుంటావని తెలిస్తే ముందే ఏదో ఒకటి చేసేవాణ్ణి," అంటూ తెగ మురిసిపోతున్నాడు.

ఇక నీ సంగతి. ఏడు నెలలు ఒంటరిగా మోశావు. నిన్ను చంపేయాలన్నంత కోపంగా ఉంది, కాని ఇప్పుడు నిన్ను కొట్టడానికి లేదు. కాబట్టి ఒక్క మాటే చెబుతాను. నువ్వు ఏప్రిల్‌లో చెప్పినా నేను వెళ్ళేదాన్నే. ఏమనుకుంటున్నావు నన్ను? నువ్వు కంటున్నావని నేను చదువు మానేస్తానా? లోకంలో పిల్లల్ని కనేవాళ్ళు నువ్వొక్కదానివేనా? నీ త్యాగం నీ దగ్గరే ఉంచుకో.

మీ బాబాయ్ సెలవు పెట్టాడు. నన్ను విమానం ఎక్కించి, ఉయ్యాల భుజాన వేసుకుని నేరుగా నీ ఇంటికొచ్చేస్తాడు. మా అల్లుడు వచ్చేదాకా అక్కడే. ఆదివారం నేనూ వస్తున్నాను. రంగు వాసనలు చెప్పకు.

వెళ్తున్నాను.

పిన్ని


ఆగస్టు 27

పిన్నికి,

ఆదివారం వచ్చావు, నా పొట్ట మీద చెయ్యి పెట్టావు, వంటింటి గట్టు రాయి నకిలీ గ్రానైటని తేల్చావు, వెళ్ళిపోయావు. బాబాయ్ ఉన్నాడని నేనేమీ అనలేదు. ఇప్పుడంటాను.

"చెప్పినా వెళ్ళేదాన్నే" అని రాశావు కదా, ఆ ముక్క చదివి నేను చాలా ఏడ్చాను. ఇది చిన్నపిల్లల ఏడుపని నాకూ తెలుసు. నువ్వు వెళ్ళాలనే దాచాను, ఇప్పుడు నువ్వు వెళ్తున్నావు, మరి నాకేం తక్కువైంది? కాని పిన్నీ, తెలిస్తే నువ్వు ఆగిపోతావన్న నమ్మకంతోనే దాచాను. రోజూ కక్కుకుంటూ ఆ నమ్మకాన్నే పట్టుకుని ఉన్నాను. ఒక్క మాట చెబితే పరుగెత్తుకొస్తుంది, నేనే చెప్పడం లేదు, అని. తీరా చూస్తే ఆ మాటకి అంత బలం లేదట.

నాకు భయంగా ఉంది. అది కూడా చెప్పేస్తాను, దాచిపెడితే తట్టుకోలేనన్నావు కదా. కాన్పు గదిలో పక్కన ఎవరుంటారు? బాబాయ్ బయట నిలబడి గుమ్మం గట్టిదో కాదో చూసుకుంటుంటాడు. నాకు నువ్వు కావాలి.

కాని వెళ్ళు. ఇది నిజంగానే అంటున్నాను. జిప్పు పైదాకా లాక్కో.

నేను


సెప్టెంబర్ 24

నా తల్లీ,

వచ్చి పందొమ్మిది రోజులైంది. ఇప్పటిదాకా రాయలేదు, తిట్టుకుని ఉంటావు. మొదలుపెట్టి నాలుగు కాగితాలు చించాను.

నా గది మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. మీ బాబాయ్‌కి చెప్పకు, బాధపడతాడు. ఒక మంచం, ఒక బల్ల, కిటికీ. కిటికీలోంచి కొండ కనిపిస్తుంది, దాని నెత్తిన ఎప్పుడూ కాస్త పొగ. మొన్న ఎక్కాం. దారంతా నల్ల బూడిద, ఒక్కడుగు వేస్తే అరడుగు వెనక్కి జారుతుంది. ఇక్కడి పిల్లలు మధ్యలో కూలబడ్డారు, చెవిపోగు కుర్రాడైతే ఆవలింత కూడా మానేశాడు. నేను ఆగలేదు. పైన ఒకచోట నేల మీద చెయ్యి పెట్టమన్నారు. వెచ్చగా ఉంది. ఇరవై రెండేళ్ళు చల్లటి రాళ్ళు అమ్మినదాన్ని, వేడిగా ఉన్న రాయిని ముట్టుకోవడం అదే మొదలు. ఎంత సంతోషం వేసిందో నీకు చెప్పలేను. ఆ వెంటనే ఆ ఆదివారం నీ పొట్ట మీద చెయ్యి పెట్టడం గుర్తొచ్చింది. మిగతా పాఠం నా చెవికెక్కలేదు.

అందుకని ఇప్పుడు నిజం రాస్తాను. ఆ రోజు నేను రాసింది అబద్ధం.

నువ్వు ఏప్రిల్‌లో చెప్పి ఉంటే నేను ఆగిపోయేదాన్ని. ఒక్క క్షణం ఆలోచించేదాన్ని కాదు. నా కోసం అంత కష్టం మోశావన్న భారం నీకు ఉండకూడదని, నీ మొహాన అలా కొట్టినట్టు రాశాను. రాసినప్పుడు తెలివైన పనిలా కనిపించింది. నువ్వు ఏడుస్తావని అనుకోలేదు. నీ మాటకి బలం లేదనుకోకు. ఆ మాటకి ఎంత బలముందో నాకు తెలుసు కాబట్టే భయపడ్డాను.

ఆగిపోయి ఏం చేసేదాన్నో కూడా చెబుతాను. నీ బిడ్డని ఎత్తుకుని తిరిగేదాన్ని. నీ కోసం కొండ వదులుకున్నానని ఒక్కసారి కూడా పైకి అనేదాన్ని కాదు. అనకుండా ఉండటం నీకు రోజూ వినిపించేలా మాత్రం బతికేదాన్ని. నా సంగతి నాకు తెలుసు. దాచిపెట్టి మంచిపని చేశావు. ఇంకెప్పుడూ చేయకు.

కాన్పు రోజు నేను అక్కడ ఉండను. నాలుగు కాగితాలు చింపింది ఈ ముక్క దగ్గరే. వచ్చి పోవచ్చు కదా అని లెక్కలు వేశాను, ఆ వారమే మమ్మల్ని కొండ అవతలికి తీసుకెళ్తున్నారు, అది వదిలితే ఈ ఏడాదే దండగ. వదలడం లేదు. నీకు కోపం వస్తే రానీ. నాకూ నా మీద వస్తోంది.

ఇది రాస్తూ గట్టిగానే ఏడ్చినట్టున్నాను. పక్కగది పిల్ల తలుపు కొట్టి ఏమైందని అడిగింది. నాకొచ్చిన భాషలో, మా అమ్మాయికి బిడ్డ పుట్టబోతోందని చెప్పాను. ఆ పిల్ల అయోమయంగా చూసి, "మరి మీరు ఇక్కడెందుకున్నారు?" అంది. దానికి జవాబు చెప్పేంత భాష నాకింకా రాలేదు.

వచ్చిన రెండు ముక్కల్లోనే, "అదే పంపింది," అన్నాను.

పిన్ని